ఉరుము మబ్బుపై ఉపగ్రహపు కాపలా
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



తిరుపతి, చిత్తూరు జిల్లాలలో సేద్యము చేయువారికి మబ్బును గురించి క్రొత్తగా చెప్పవలసినదేమున్నదని మీరనుకొనవచ్చును. వాన కొరకు ఎదురుచూచుటయే బ్రతుకైన సీమ మనది. మెరుపు ఏ మూల మెరసినది, గాలి ఏ దిక్కునకు మళ్ళినది, ఉక్క ఎంతగా పోసినది అను విషయములను మన పెద్దలు తరతరములుగా గమనించుచు వచ్చినారు. ఆ జ్ఞానమును తక్కువ చేయుటకు నేను రాలేదు. అయితే నేలపై నిలిచిన మనిషి కంటికి ఒక హద్దు కలదు. కొండకు అవతల పెరుగుచున్న మబ్బు ఇవతలి పొలములోని రైతుకు కనబడదు. అది కొండ దాటి కనబడు వేళకు గాలి విసరుట, ఉరుము ఉరుముట, పిడుగు పడుట ఒకదాని వెంట ఒకటి జరిగిపోవును. పశువులను ఇంటికి మళ్ళించుటకైనను వ్యవధి యుండదు.

కొండకు అవతలి సంగతిని ముందుగా చూడగల కన్ను ఒకటి నేడు ఆకాశమున నిలిచియున్నది. ఆ కన్ను మబ్బును ఎట్లు చూచును, చూచిన సంగతి మీ గ్రామమునకు ఎట్లు చేరును, చేరిన పిమ్మట మీరు చేయవలసినదేమి అను మూడు విషయములను ఈనాడు మీకు మనవి చేయదలచినాను. ఇందు మొదటి రెండు పనులను శాస్త్రజ్ఞులు చేయుచున్నారు. మూడవది మీ చేతిలోని పని. అది జరుగనిచో మొదటి రెండింటి ప్రయోజనము పొలము గట్టు వరకు చేరదు.

రెండు విధములైన వానలు

మన జిల్లాలకు ఆపద తెచ్చు వానలు రెండు విధములు. మొదటిది బంగాళాఖాతములో పుట్టు వాయుగుండపు వాన. 2021 నవంబరు మాసమున జరిగినది మీకందరకు జ్ఞాపకమే. నవంబరు 19వ తేదీన వాయుగుండము పుదుచ్చేరి, చెన్నై నగరముల మధ్య తీరము దాటినది. తిరుపతి వీధులు ఏరులైనవి. రాయలచెరువు కట్టకు ముప్పు కలిగి, దిగువనున్న గ్రామముల ప్రజలను ఖాళీ చేయింపవలసి వచ్చినది. పొరుగున కడప జిల్లాలో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి గ్రామములు మునిగినవి. అట్టి వాయుగుండము వందల కిలోమీటర్ల విస్తీర్ణము కలది. సముద్రముపై మెల్లగా కదలును. ఉపగ్రహ చిత్రములలో దానిని రోజుల తరబడి వెంబడించి చూడవచ్చును.

రెండవది వేసవిలోను, వానాకాలపు మొదటను, చివరను సాయంకాలపు వేళ వచ్చు ఉరుములు మెరుపుల గాలివాన. ఇది పది ఇరువది కిలోమీటర్ల మేర మాత్రమే ఉండవచ్చును. మధ్యాహ్నము పుట్టి రాత్రికి మాయమగును. ఒక ఊరిలో చెరువు నిండును. పక్క ఊరిలో దుమ్ము కూడ అణగదు. వార్తాపత్రికలలో దీనికి పెద్ద అక్షరములు లభింపవు. అయినను ప్రాణములను బలిగొనుటలో ఇది తక్కువది కాదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశములో పిడుగుపాటు వలన 2,887 మంది మరణించినారు. మన రాష్ట్రములో 2018 ఏప్రిల్ 24వ తేదీన 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటించినది. పిడుగుపాటుకు గురియగువారిలో అధిక సంఖ్యాకులు ఆరుబయట పనిచేయువారే. పొలములో కూలీలు, గొఱ్ఱెల కాపరులు, చెట్టు క్రింద తలదాచుకొన్నవారు, అనగా మన గ్రామముల వారే.

నేటి నా ప్రసంగము ఈ రెండవ విధమైన వానను గురించినది.

ఉరుము మబ్బు పుట్టుక

ఉరుము మబ్బు పుట్టుటకు మూడు వస్తువులు కావలెను: తడి గల గాలి, నేల వేడిమి, ఆ గాలిని పైకి ఎత్తు ఆధారము. మన ప్రాంతమున ఈ మూడును సిద్ధముగా నున్నవి. భరణి, కృత్తిక, రోహిణి కార్తెలలో నేల పెనమువలె కాగును. తూర్పున సముద్రము దూరము కాదు. మధ్యాహ్నమునకు సముద్రపు గాలి సత్యవేడు, శ్రీకాళహస్తి వైపునుండి లోపలికి చొచ్చుకొని వచ్చును. పడమటినుండి పొడిగాలి దానికి ఎదురు వచ్చును. ఈ రెండు గాలులు కలిసిన చోట తడిగాలి పైకి లేవక తప్పదు. దానికి తోడు శేషాచలము, నగరి కొండలు, పడమట పలమనేరు, పుంగనూరు, కుప్పము పీఠభూమి అంచులు గాలిని మెట్టు మీద మెట్టుగా పైకి నెట్టును.

పైకి లేచిన గాలి చల్లబడును. అందలి తడి సన్నని నీటి బిందువులై మబ్బుగా మారును. అట్లు మారునప్పుడు వేడి విడుదలయగును. ఆ వేడి గాలిని ఇంకను తేలిక చేసి మరింత పైకి ఎత్తును. పొయ్యి తన మంటతో తానే క్రొత్త కట్టెలను లాగికొన్నట్లు, మబ్బు తన వేడితో తానే పెరుగును. మొదట దూది పింజవలె నున్న చిన్న మబ్బు, కాలీఫ్లవరు పువ్వువలె బుడిపెలు బుడిపెలుగా పైకి లేచును. శాస్త్రజ్ఞులు దీనిని క్యుములస్ మేఘమందురు. అది ఇంకను పెరిగి నల్లని గోపురమై ఉరుముట మొదలిడినప్పుడు క్యుములోనింబస్ మేఘమందురు. మన వాడుకలో అదే కారుమబ్బు.

మన ప్రాంతమున నేలనుండి సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున నీరు గడ్డకట్టు చలి యుండును. మబ్బు దానిని దాటి పెరిగినప్పుడు లోపల మంచు కణికలు, చిన్న వడగండ్లు ఏర్పడును. ఇవి ఒకదానితో ఒకటి రాచుకొనుటచే విద్యుత్తు పుట్టి వేరుపడును. అది నేలకు దూకుటయే పిడుగు. పిడుగు దారిలో గాలి సుమారు 30,000 డిగ్రీల వరకు వేడెక్కి హఠాత్తుగా వ్యాకోచించుటయే ఉరుము. బలమైన కారుమబ్బు 15 కిలోమీటర్లకు పైగా పెరుగును. అచ్చట ఇంక పైకి పోలేక పక్కలకు పరచుకొని కమ్మరి దాగలివలె చదునుగా కనబడును.

మబ్బు జీవితమున మూడు దశలు కలవు. మొదటి దశలో గాలి పైకే పోవును, వాన ఉండదు. రెండవ దశలో ఒక వైపు గాలి పైకి లేచుచుండగా మరొక వైపు వానతో, వడగండ్లతో చల్లని గాలి క్రిందకు దిగును. ఆ గాలియే నేలను తాకి నలువైపుల చిమ్ముకొని, వానకు ముందుగా వచ్చి మామిడికాయలను రాల్చును, రేకులను ఎగురగొట్టును. మూడవ దశలో క్రిందకు దిగు గాలియే మిగిలి మబ్బు చచ్చిపోవును. ఒక మబ్బు ఈ మూడు దశలను గడచుటకు అర్ధగంట నుండి ఒక గంట పట్టును. అయితే ఒక మబ్బునుండి దిగిన చల్లగాలి పక్కనున్న వేడిగాలిని ఎత్తి మరొక మబ్బును పుట్టించును. అందువలన గాలివాన ఊరినుండి ఊరికి ప్రాకుచు గంటల తరబడి సాగవచ్చును.

ఇంత తక్కువ ఆయుస్సు గల మబ్బును ముందు రోజు చెప్పుట కష్టము. రేపు ఈ జిల్లాలో ఉరుములు రావచ్చునని చెప్పగలరు గాని, ఏ మండలములో ఏ గంటకు అని చెప్పలేరు. మబ్బు పుట్టిన పిమ్మట దానిని క్షణక్షణము చూచుచుండుట ఒక్కటే మార్గము.

మన జిల్లానుండియే పైకెగసిన కన్ను

మేఘములను అంతరిక్షమునుండి చిత్రించిన తొలి వాతావరణ ఉపగ్రహము టైరాస్-1. అమెరికా వారు దానిని 1960 ఏప్రిల్ 1వ తేదీన ప్రయోగించినారు. మన దేశమునకు 1983లో ప్రయోగించిన ఇన్సాట్-1బి ఉపగ్రహము ద్వారా స్వంతముగా మేఘ చిత్రములు లభించుట ఆరంభమైనది. కేవలము వాతావరణము కొరకే నిర్మించిన మన తొలి ఉపగ్రహమును 2002 సెప్టెంబరు 12వ తేదీన శ్రీహరికోట నుండి పంపినారు. దానికి తరువాత కల్పనా చావ్లా పేరు పెట్టి కల్పన-1 అన్నారు. 2016 సెప్టెంబరు 8వ తేదీన ఇన్సాట్-3డిఆర్, 2024 ఫిబ్రవరి 17వ తేదీన ఇన్సాట్-3డిఎస్ అచ్చటినుండియే ఎగసినవి. శ్రీహరికోట 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలోనిదే. మన మామిడి తోటలపై పెరుగు మబ్బును కనిపెట్టు కన్ను మన జిల్లా నేలనుండియే లేచినదన్నమాట.

ఈ ఉపగ్రహములు విషువద్రేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నవి. ఆ ఎత్తున భూమితో పాటు సమాన వేగముతో తిరుగుట వలన ఒకే చోట నిలిచినట్లుండి, ఎల్లవేళల ఒకే ప్రాంతమును చూచుచుండును. మంచె మీద కూర్చుండిన కాపలావాడు చేనును విడువకుండ చూచినట్లే. ఒక్కొక్క ఉపగ్రహము సుమారు అర్ధగంటకొక పూర్తి చిత్రము తీయును. రెండింటి వేళలను ఒకదాని నడుమ ఒకటి వచ్చునట్లు అమర్చినచో పదునైదు నిమిషములకొక చిత్రము లభించును. గంట ఆయుస్సు గల మబ్బు విషయమున ఈ పదునైదు నిమిషములు మిక్కిలి విలువైనవి.

చిత్రమును చదువు విధము

ఉపగ్రహము మబ్బును పలు విధములైన కన్నులతో చూచును. ఒకటి మన కంటివలె సూర్యకాంతితో చూచును. మందముగా పెరిగిన మబ్బు తెల్లగా మెరయును; దాని బుడిపెలు, వాటి నీడలు కూడ తెలియును. ఇది పగటి వేళ మాత్రమే పనిచేయును. రెండవది పరారుణ కిరణములతో చూచును. ప్రతి వస్తువు తన వేడిమిని బట్టి కంటికి కనబడని ఈ కిరణములను వెలువరించును. వాటిని కొలిచి మబ్బు శిఖరము ఎంత చల్లగా నున్నదో చెప్పవచ్చును. ఈ కన్నుకు రాత్రి పగలు భేదము లేదు. మూడవది గాలిలో కంటికి కనబడని నీటి ఆవిరిని చూచును. మబ్బు పుట్టకమునుపే తడి ఎచ్చట పోగగుచున్నదో ఇది తెలుపును.

వీటిలో పరారుణ చిత్రము ముఖ్యమైనది. పైకి పోయిన కొలది చలి హెచ్చును గదా. కావున మబ్బు శిఖరము ఎంత చల్లగా నున్నచో అంత ఎత్తునకు పెరిగినదని అర్థము. శిఖరపు ఉష్ణోగ్రత సున్నాకు పైన ఉన్నచో అది చిన్న మబ్బు. సున్నాకు దిగువ 60 డిగ్రీలు దాటినచో అది ఆకాశపు కప్పును తాకిన కారుమబ్బు.

అయితే నిపుణులు ఒక చిత్రమును చూచి తృప్తిపడరు. వరుసగా వచ్చు చిత్రములను పోల్చి చూచెదరు. పదునైదు నిమిషములలో శిఖరము 8 డిగ్రీలు గాని అంతకు మించి గాని చల్లబడినచో మబ్బు వేగముగా పైకి దూకుచున్నదని గ్రహించెదరు. శిఖరము సున్నా డిగ్రీలను దాటి దిగువకు పోవు వేళను ప్రత్యేకముగా గమనించెదరు. లోపల మంచు ఏర్పడుటకు, కొంతసేపటికి పిడుగులకు అది సూచన. ఈ గుర్తులు నేలపై తొలి చినుకు పడక మునుపే కనబడవచ్చును. ఆ మిగులు సమయము అర్ధగంట కావచ్చును, కొన్ని వేళల ఇంకను ఎక్కువ కావచ్చును. అదియే మనకు లభించు వ్యవధి.

ఇచ్చట మీరు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఒకటి కలదు. నేడు మేఘ చిత్రములు చేతి ఫోనులో చూచువారు గ్రామములలో కూడ పలువురున్నారు. జిల్లా అంతయు కప్పిన పెద్ద తెల్లని మచ్చను చూచి భయపడుటయు, ఆవగింజంత చుక్కను చూచి ఉపేక్షించుటయు పొరపాటు. పెద్ద తెల్లని పరపు చాల వేళల ముసలి మబ్బు. దాని వాన అయిపోయినది; పైన పరచుకొన్న మంచు పొర మాత్రమే మిగిలినది. ఆవగింజంత చుక్క ఒక గంటలో ఆకాశమును పగులగొట్టు పసిమబ్బు కావచ్చును. మబ్బు పరిమాణముకంటె అది పెరుగు వేగము ముఖ్యము.

ఒక వేసవి దినమున

ఈ విషయము తేటపడుటకు కృత్తిక కార్తెలో ఒక దినమును ఊహింపుడు. ఉదయము ఆకాశము నిర్మలముగా నున్నది. తడి, వేడి అనుకూలముగా నున్నవని చూచి వాతావరణ శాఖవారు జిల్లాకు పసుపు రంగు హెచ్చరిక ఇచ్చినారు. మధ్యాహ్నము ఒంటిగంటకు పలమనేరు వైపు చిత్రములో చిన్న చుక్కలు నాలుగైదు కనబడినవి. ఒకటింబావుకు మూడు కరగిపోయినవి, ఒకటి తెల్లబడినది. ఒకటిన్నరకు దాని శిఖరము గడ్డకట్టు చలిని దాటినది. ఒకటి ముప్పావునకు మరి పది డిగ్రీలు చల్లబడినది. ఆ సమయమున చిత్తూరు వైపు ఒక గ్రామములో మామిడికాయలు కోయుచున్న కూలీలకు నెత్తిన ఎండ కాయుచునే యున్నది. పడమట కొండపై కొంచెము నలుపు తప్ప మరేమియు కనబడుటలేదు. రెండు గంటలకు చల్లగాలి విసరును. రెండుంబావుకు తొలి పిడుగు పడును.

ఒకటి ముప్పావునకు ఢిల్లీలోను, అమరావతిలోను ఉన్న అధికారులకు తెలిసిన సంగతి రెండు గంటల లోపల ఆ తోటలోని కూలీలకు తెలియవలెను. ఇరువది నిమిషములలో వారు తోట విడిచి పక్కా కట్టడములో చేరగలరు. ఉపగ్రహము వారిని కాపాడుట అనగా ఈ ఇరువది నిమిషములను వారి చేతికి అందించుటయే.

ఉపగ్రహమునకు గల హద్దులు

ఏ సాధనమునకైనను హద్దులుండును. పరారుణ చిత్రములో ఒక్కొక్క గడి సుమారు 4 కిలోమీటర్ల వెడల్పు గలది. అందులో మన గ్రామములు కొన్ని ఇముడును. కావున మీ ఊరిపైననే పిడుగు పడునని అది చెప్పజాలదు. విషువద్రేఖ నుండి మనలను ఏటవాలుగా చూచుటచే 15 కిలోమీటర్ల ఎత్తు మబ్బు శిఖరము చిత్రములో సుమారు 4 కిలోమీటర్లు ఉత్తరమునకు జరిగినట్లు కనబడును. మరియు ఉపగ్రహము మబ్బు తలను చూచును గాని కడుపును చూడలేదు.

ఆ కొరతను నేలపై నున్న సాధనములు తీర్చును. శ్రీహరికోటలోను, చెన్నైలోను ఉన్న డాప్లర్ రాడార్లు మబ్బు కడుపులోని వాన బరువును, వడగండ్లను, గాలి వేగమును కొలుచును. పిడుగుల గ్రాహకములు ప్రతి మెరుపు వెలువరించు రేడియో తరంగములను పట్టి అది ఎచ్చట పడినదో నిర్ణయించును. తిరుపతికి సమీపమున గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల కలదు. అంతరిక్ష శాఖకు చెందిన ఈ సంస్థలో 1,024 యాంటెన్నాలతో నిర్మించిన పెద్ద రాడార్ మబ్బులోని గాలి నిట్టనిలువుగా ఎంత వేగముతో లేచుచున్నదో, దిగుచున్నదో కొలుచును. మన కొండల మీది ఉరుము మబ్బులను గురించిన పరిశోధన అచ్చట జరుగుచున్నది. ఉపగ్రహము, రాడారు, గ్రాహకము ఈ మూడింటి వార్తలను కలిపి చూచినప్పుడే నమ్మదగిన హెచ్చరిక వెలువడును.

హెచ్చరిక వచ్చు దారి

భారత వాతావరణ శాఖ ముందుగా జిల్లాలవారీ హెచ్చరికలను రంగులతో తెలుపును. ఆకుపచ్చ అనగా భయము లేదు. పసుపు అనగా గమనించుచుండుడు. నారింజ అనగా సిద్ధముగా నుండుడు. ఎరుపు అనగా చర్య తీసికొనుడు. మబ్బు పుట్టిన పిమ్మట రాబోవు మూడు గంటల వరకు వర్తించునట్లు సత్వర సూచనలను వెలువరించును. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫోనులకు సందేశములు పంపును. పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు రూపొందించిన దామిని అను ఫోను సాధనము మీకు 20, 40 కిలోమీటర్ల దూరములో పిడుగులు పడుచున్నవో లేదో చూపును.

ఇంతవరకు దారి బాగుగనే యున్నది. కాని సందేశము ఫోనునకు చేరుట వేరు, మనిషికి చేరుట వేరు. మధ్యాహ్నము మూడు గంటలకు కొండవాలున మేకలను కాయువాని వద్ద ఫోను ఉండకపోవచ్చును; ఉన్నను అచ్చట సంకేతము అందకపోవచ్చును. కాయలు కోయు స్త్రీ ఫోనును గట్టున సంచిలో పెట్టియుండును. సందేశము చూచినవాడు తన పని తాను చూచుకొని ఊరకుండవచ్చును. 36,000 కిలోమీటర్ల దూరము దాటి వచ్చిన వార్త చివరి రెండు కిలోమీటర్ల వద్ద ఆగిపోవుచున్నది. ఆ రెండు కిలోమీటర్లు పంచాయతీ పొలిమేరలోనివి.

పంచాయతీ చేయదగిన పనులు

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. కొంత ఏర్పాటు, కొంత పట్టుదల చాలును.

మొదటిది: ఏప్రిల్ నుండి జూను వరకు, మరల సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మధ్యాహ్నము పన్నెండు నుండి రాత్రి ఎనిమిది వరకు హెచ్చరికలు చూచు బాధ్యతను పేరు పెట్టి ఇద్దరికి అప్పగింపుడు. ఒకరు ఊరిలో లేనప్పుడు రెండవవారుండవలెను. అందరి పని అన్నది ఎవరి పనియు కాదని మీకు తెలియును.

రెండవది: ఊరికంతకు తెలిసిన ఒక గుర్తును నిర్ణయింపుడు. పంచాయతీ కార్యాలయపు మైకు కావచ్చును, గుడి గంట కావచ్చును, దండోరా కావచ్చును. ఏదైనను దానిని ఈ పనికి తప్ప మరొకదానికి వాడరాదు. మైకులో చెప్పు మాటలు కూడ ముందే వ్రాసియుంచుడు. “వాన రావచ్చును” అన్నచో రైతు సంతోషించును గాని కదలడు. “పిడుగులు వచ్చుచున్నవి. పొలము విడిచి వెంటనే పక్కా ఇంటికి రండి” అని చెప్పవలెను.

మూడవది: దూరముగా పనిచేయువారి పట్టిక తయారు చేయుడు. మేకల, గొఱ్ఱెల కాపరులు, తోటల కావలివారు, ఉపాధి పనులకు పోవు కూలీలు, చెరువులో చేపలు పట్టువారు ఏ దిక్కున నుందురో ముందుగా తెలిసినచో వారికి కబురంపుట సులభము.

నాల్గవది: ఏ పొలము వారు ఎచ్చట తలదాచుకొనవలెనో నిర్ణయింపుడు. పాఠశాల, పంచాయతీ భవనము, పక్కా ఇల్లు మంచివి. ఒంటరి చెట్టు క్రింద, నాలుగు స్తంభముల పాక క్రింద నిలుచుట ప్రమాదము. చెరువునుండి, ఇనుప కంచెనుండి, మోటారు పెట్టెనుండి దూరముగా నుండవలెను. ఎచ్చటికిని పోలేనివారు గుంపుగా కాక విడివిడిగా, పాదములు దగ్గరగా చేర్చి ముడుచుకొని కూర్చుండవలెను, పడుకొనరాదు. మెరుపు మెరసిన పిమ్మట ఉరుము వినబడువరకు లెక్కించిన సెకనులను మూడుచే భాగించినచో పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున పడినదో తెలియును. అయితే ఈ లెక్కను పనిలో నిలుచుటకు సాకుగా చేసికొనరాదు. ఉరుము వినబడినదనగా పిడుగు మనలను అందుకొనగల దూరములోనే యున్నదని తెలిసికొనవలెను. చివరి ఉరుము వినబడిన పిమ్మట అర్ధగంట వరకు బయటకు రాకుండుట మంచిది.

ఐదవది: పిడుగుపాటుకు గురియైనవానిని తాకినచో షాకు కొట్టునను భయము మన పల్లెలలో కలదు. అది నిజము కాదు. ఆ శరీరములో విద్యుత్తు నిలిచియుండదు. ఊపిరి, గుండె ఆగినచో వెంటనే ఛాతీపై రెండు చేతులతో వేగముగా నొక్కుచు గుండెను కదిలించు ప్రథమ చికిత్సను ఆరంభింపవలెను. 108కు ఫోను చేయవలెను. ఊరికి పదిమంది యువకులకైనను ఈ చికిత్సను ఆరోగ్య సిబ్బందిచే నేర్పింపుడు.

ఆరవది: ఒక పుస్తకము పెట్టుడు. హెచ్చరిక ఎన్ని గంటలకు వచ్చినది, మైకులో ఎన్ని గంటలకు చెప్పినారు, గాలివాన ఎన్ని గంటలకు వచ్చినది, అసలు వచ్చినదా లేదా అను విషయములను తేదీతో వ్రాయుడు. ఒక వేసవి గడచునప్పటికి మీ ఊరికి సాధారణముగా ఎంత వ్యవధి దొరకునో, ఏ దిక్కు మబ్బు మీకు నిజముగా వచ్చునో, ఆలస్యము ఎచ్చట జరుగుచున్నదో ఆ పుస్తకమే చెప్పును. అధికారులతో మాటలాడునప్పుడు కూడ మీ మాటకు అది బలము.

ఈ వ్యవధిలో ప్రాణములతో పాటు కొంత సొత్తును కూడ కాపాడుకొనవచ్చును. చెట్టున నున్న తోతాపురి కాయను ఏ ఉపగ్రహమును పట్టి నిలుపలేదు. కాని కోసి పోసిన కాయలను, కళ్ళములోని వేరుశనగను, ఎండబోసిన చింతపండును, గంపలకెత్తిన టమాటాను కప్పుటకు, కట్టివేసిన పశువులను విప్పి పాకలోనికి తోలుటకు అర్ధగంట చాలును. అయితే ప్రాణము ముందు, పంట తరువాత అను క్రమమును మరువరాదు. ఉరుము వినబడిన పిమ్మట పట్టా కప్పుటకు కళ్ళములోనికి ఎవరును పరుగెత్తరాదు.

హెచ్చరిక తప్పినప్పుడు

చివరగా ఒక మాట. హెచ్చరిక వచ్చి మీ ఊరిలో చినుకైనను పడని దినములుండును. అప్పుడు జనులు నవ్వుదురు. “నాన్నా! పులి” కథను గుర్తుచేయుదురు. ఆ కథలోని పిల్లవాడు పులి లేకయే కేకవేసినాడు. ఇచ్చట పులి నిజముగనే వచ్చినది. కాని పక్క ఊరి మీద పడి పోయినది. మండలములో పిడుగులు పడునన్న మాట నిజమైనను అందలి ప్రతి గ్రామములోను పిడుగు పడదు. ఈ భేదమును ప్రజలకు ఓపికతో వివరించుట మీ వంటి పెద్దల వలననే కాగలదు. పక్క ఊరిలో ఏమి జరిగినదో మరునాడు రచ్చబండ వద్ద చెప్పినచో నవ్వినవారే తదుపరి మారు మైకు వినబడగానే పొలము విడిచి వచ్చెదరు. వచ్చి ఉత్తపుణ్యమునకు అర్ధగంట కూర్చుండినందున పోవునది అర్ధగంట కూలి. రానందున పోవునది ఇంటి దీపము.

కావున పంచాయతీ సభ్యులకు నా మనవి ఇంతే. మీరు మీ గ్రామములకు చేరిన వారము లోపల సభ జరుపుడు. ఇద్దరి పేర్లు, ఒక గుర్తు, తలదాచుకొను చోట్లు, ఒక పుస్తకము, ఈ నాలుగింటిని నిర్ణయించి తీర్మానము వ్రాయుడు. దానికి ఒక సాయంకాలము చాలును. శ్రీహరికోట నుండి లేచిన కన్ను రాత్రింబగళ్ళు మేలుకొని యున్నది. అది చూచిన దానిని వినిపించు గొంతు ప్రతి గ్రామములోను ఉండవలెను. ఆ గొంతు మీది కావలెనని కోరుచున్నాను.